పూలు కలిస్తే చాలదు: ఆగిపోయిన పింగాణీ నమూనాకు జతలు వెతికిన డైరీ

జనవరి 6

మా మేనత్త ఇన్నేళ్ళూ జాగ్రత్తగా వాడుకున్న పింగాణీ డిన్నర్ సెట్టు ఈ నెలలో నా చేతికి వచ్చింది. పన్నెండు మందికని కొన్న సెట్టు అది. ఇప్పుడు పన్నెండుకు పన్నెండూ మిగిలినవి అందులో రెండు రకాలే. కంపెనీ ఈ నమూనాను మానేసి దశాబ్దాలు గడిచాయి కనుక విడి వస్తువులను కొత్తగా కొనే దారి లేదు. పోయినవాటికి పాత సామానులోనే జతలు వెతికి సెట్టును మళ్ళీ నిండుగా చేయాలని ఈ పని మొదలుపెట్టాను. చేసిన ప్రతి పనినీ, ముఖ్యంగా చేసిన ప్రతి పొరపాటునూ, తేదీ వేసి రాసుకోదలిచాను.

ఈ రోజు లెక్క మాత్రమే చూశాను. బల్ల మీద మందపాటి దుప్పటి పరిచి, ఒక్కొక్క వస్తువునూ కిటికీ వెలుతురులో తిప్పి చూసి, గోటితో అంచు మీద మెల్లగా మీటాను. బాగున్న పళ్ళెం చిన్న గంటలా ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. బీట వారిన పళ్ళెం టక్కుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. కంటికి నిక్షేపంలా కనిపించిన తొమ్మిది పెద్ద పళ్ళేలలో ఒకటి ఇలా పట్టుబడింది. దానిని దీపానికి అడ్డంగా పట్టుకుంటే అంచు నుంచి లోపలికి వెంట్రుక మందాన, రెండు అంగుళాల పొడవున, గీత కనిపించింది.

చివరికి తేలింది ఇది: పెద్ద పళ్ళేలు ఎనిమిది, సలాడు పళ్ళేలు పన్నెండు, చిన్న పళ్ళేలు పదకొండు, సాసర్లు పన్నెండు, కప్పులు ఏడు, పాల జగ్గు ఒకటి, మూత లేని చక్కెర గిన్నె ఒకటి, కోలగా ఉండే వడ్డన పళ్ళెం ఒకటి. అంటే నాలుగు పెద్ద పళ్ళేలు, ఐదు కప్పులు, ఒక చిన్న పళ్ళెం, ఒక మూత దొరకాలి. కప్పులు ఐదు పోయినా సాసరు ఒక్కటీ పోకపోవడం వింతగా అనిపించి మేనత్తకు ఫోన్ చేస్తే, "కప్పంటే చేతిలోంచి జారుతుంది గానీ, బల్ల మీద కూర్చున్న సాసరు ఎక్కడికి పోతుందిరా?" అని నవ్వింది. ఆమె మాటే నిజమైతే ప్రతి ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది, సాసర్లు గుట్టలుగా దొరికి కప్పులకు కరువు ఉంటుంది. పళ్ళేల కంటే కప్పులే నన్ను ఎక్కువ తిప్పుతాయని ఇప్పుడే అనిపిస్తోంది.

జనవరి 9

పళ్ళెం అడుగున ఉన్న ముద్రను ఈ రోజు చదివాను. ఆకుల దండ మధ్యలో ఎన్ అనే అక్షరం, దాని కింద నోరిటాకే, ఆ కింద జపాన్ తయారీ అనే మాట, అన్నిటికీ అడుగున నాలుగు అంకెలు ఉన్నాయి. నమూనాకు పేరు మాత్రం లేదు.

అంత చిన్న ముద్రలోనూ చదువుకోవలసింది చాలా ఉంది. నగోయా దగ్గర నోరిటాకే అనే ఊళ్ళో మొరిమురా కుటుంబం 1904లో స్థాపించిన కంపెనీ ఇది. మొదట్లో దండ మధ్యలో ఆ ఇంటి పేరును గుర్తుచేసే ఎం అక్షరం ఉండేది. 1953 నుంచి ఆ చోటికి ఎన్ వచ్చింది. కనుక మా సెట్టు 1953కు ముందుది అయ్యే అవకాశం లేదు. దేశం పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. దిగుమతి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890 నాటి సుంకాల చట్టంలో నిబంధన పెట్టింది. దానిని అనుసరించి జపాన్ సరుకు మీద 1921 దాకా నిప్పన్ అనీ, ఆ తరవాత జపాన్ అనీ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సేనలు అక్కడ ఉన్న కాలంలో ఆక్రమిత జపాన్ అనీ వేశారు. యుద్ధం ముగిసిన తొలినాళ్ళలో సరుకు నాణ్యత పాత స్థాయికి రాలేదని నోరిటాకే తన పేరు దాచుకుని రోజ్ చైనా అనే ముద్రతో అమ్మిందన్న సంగతి నాకు మహా ఇష్టం. నాసిరకానికి సొంత పేరు పెట్టుకోవడానికి సిగ్గుపడిన తయారీదారులు ఎందరుంటారు?

జనవరి 14

నమూనాకు పేరు లేదని మొదట బాధపడ్డాను గానీ, నాలుగు రోజులు చదివాక అంకెలే మేలని తేలింది. పేరు అనేకుల సొత్తు, అంకె ఒక్కరిది. బ్లూ విల్లో అనే ప్రసిద్ధమైన నీలి నమూనాను 18వ శతాబ్దం చివరి నుంచి లెక్కలేనన్ని కంపెనీలు తయారుచేశాయి. వంతెన, చెట్టు, రెండు పిట్టలు అన్నిటి మీదా ఉంటాయి, కానీ ఒక కంపెనీ పళ్ళెం పక్కన మరొక కంపెనీ పళ్ళెం పెడితే నీలం వేరు, అంచు వేరు, బరువు వేరు. అసలు పేరూ అంకే రెండూ లేని సరుకు కూడా ఉంది. ఫ్రాన్సులోని లిమోజ్ నగరంలో 1842లో డేవిడ్ హావిలాండ్ మొదలుపెట్టిన కంపెనీ నమూనాలు చాలావాటికి పేర్లు లేకపోవడంతో, ఆర్లీన్ ష్లైగర్ అనే అమెరికన్ మహిళ వాటిని బొమ్మలతో సహా జాబితా కట్టి సంఖ్యలు ఇచ్చింది. అమ్మేవారూ కొనేవారూ ఇప్పటికీ ష్లైగర్ సంఖ్య చెప్పుకునే మాట్లాడుకుంటారు.

ముద్రలోని సంవత్సరాన్ని చూసి మోసపోకూడదని కూడా ఈ వారమే తెలుసుకున్నాను. రాయల్ ఆల్బర్ట్ వారి ఓల్డ్ కంట్రీ రోజెస్ సామాను అడుగున 1962 అని ఉంటుంది. ఆ నమూనా బయటికి వచ్చిన ఏడాది అది. చేతిలో ఉన్న కప్పు తయారైన ఏడాది కాదు. అలాగే పాత ఇంగ్లీషు సామాను మీద 1842 నుంచి 1883 దాకా వేసిన వజ్రాకారపు ముద్ర, ఆ తరవాత వేసిన రిజిస్ట్రేషన్ సంఖ్య, ఆ రూపకల్పనను ఎప్పుడు నమోదు చేయించారో చెబుతాయే గాని వస్తువు వయసు చెప్పవు. రాయల్ డౌల్టన్ వారు మాత్రం 1928 నుంచి కొంతకాలం కిరీటం పక్కన చిన్న అంకె వేసేవారు. దానికి 1927 కలిపితే తయారైన సంవత్సరం వస్తుంది. అందరూ అలా చేసి ఉంటే నాలాంటివారికి ఎంత సుఖంగా ఉండేదో.

జనవరి 20

ఇప్పటికి నా దగ్గర అంకె ఉంది, పూల బొమ్మ ఉంది. వెతుకులాట మొదలుపెట్టే ముందు కొలతల పట్టిక తయారుచేశాను. తొందరపడి కొనేవారు వదిలేసే పని ఇదేనని చాలామంది అనుభవం చదివి, ఒక రోజంతా దీనికే కేటాయించాను.

పెద్ద పళ్ళెం వ్యాసం అమ్మేవారి భాషలో పదిన్నర అంగుళాలు. సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్సుకు అందనంత పెద్దది కనుక, గోడ మూలకు ఆనించి అవతలి అంచును మట్టంతో పట్టుకుని కొలిచాను. ఎనిమిది పళ్ళేల వ్యాసాలు 265 నుంచి 267 మిల్లీమీటర్ల మధ్య వచ్చాయి. ఒకే పెట్టెలో వచ్చిన పళ్ళేల మధ్యే రెండు మిల్లీమీటర్ల తేడా ఉందంటే నా కొలత తప్పేమోనని మళ్ళీ కొలిచాను, అంతే వచ్చింది. పచ్చి పింగాణీ బట్టీలో కాలేటప్పుడు పొడవులో పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. ఏ పళ్ళెం బట్టీలో ఏ మూల కూర్చుందన్న దాన్ని బట్టి కూడా ఇసుమంత తేడా వస్తుంది. కనుక రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్న పళ్ళేన్ని నిరాకరించకూడదు, ఐదు మిల్లీమీటర్ల తేడా ఉన్నదాన్ని తీసుకోకూడదు అని హద్దు గీసుకున్నాను.

వ్యాసం తరవాత అడుగు వలయం (పళ్ళెం కింద బల్లకు ఆనే గుండ్రటి గట్టు), ఎత్తు, బరువు, లోతు కొలిచాను. లోతు కొలవడానికి అంచు మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, పళ్ళెం నడిమధ్య నుంచి స్కేలు దాకా ఎంత ఎడం ఉందో చూడాలి. పెద్ద పళ్ళేలలో ఈ కొలతే ఎక్కువ తేడాగా వస్తుంది, ఎందుకంటే బట్టీలో మెత్తబడిన పళ్ళెం నడుమ భాగం కిందికి కుంగకుండా చూడటమే పింగాణీ పనిలో కష్టమైన సంగతి. 1904లో మొదలైన నోరిటాకే పూర్తి డిన్నర్ సెట్టును 1914లో గాని బయటికి తేలేకపోవడానికి అడ్డుపడింది పాతిక సెంటీమీటర్ల చదునైన పళ్ళెమేనని చదివాక, మా పళ్ళేల మీద కొత్త గౌరవం కలిగింది.

కప్పుకు మూతి వ్యాసం, ఎత్తు, పాదం వ్యాసం, పిడి ఎంత బయటికి వచ్చిందో, అన్నీ రాసుకున్నాను. సాసరు మధ్యలో కప్పు కూర్చునే గుంట వ్యాసం 47 మిల్లీమీటర్లు, కప్పు పాదం 44. ఆ మూడు మిల్లీమీటర్ల సందే కప్పు కదలకుండా, ఇరుక్కోకుండా కూర్చోవడానికి కారణం.

ఫిబ్రవరి 2

వెతుకులాట మొదలైంది. రోజుకొక పద్ధతిలో వెతికి చూశాను. కంపెనీ పేరు, అంకె కలిపి వెతికితే తెలిసిన అమ్మకందారులు మాత్రమే వస్తారు. వారి దగ్గర సరుకు తక్కువ. అంకె లేకుండా గులాబీ మొగ్గలు, బూడిద రంగు ఆకులు, బంగారు అంచు అని వర్ణనతో వెతికితే, తమ చేతిలో ఉన్నది ఏమిటో తెలియక పాత పళ్ళేలు అని మాత్రమే రాసి అమ్ముతున్నవారు దొరుకుతారు. వందల ఫోటోలు చూడవలసి వస్తుంది గానీ దొరికితే ఇలాంటి చోటే దొరుకుతుంది. కంపెనీ పేరునే తప్పుగా రాసినవారు కూడా తక్కువేమీ కాదు, కనుక ఆ తప్పు అక్షరాలతోనూ వెతకాలి. 

ఆగిపోయిన నమూనాల వ్యాపారమే పనిగా పెట్టుకున్న సంస్థలు కూడా ఉన్నాయి. అమెరికాలోని గ్రీన్స్‌బరోలో బాబ్ పేజ్ 1981లో స్థాపించిన రీప్లేస్‌మెంట్స్ లిమిటెడ్ వాటిలో పేరున్నది. నమూనా తెలియకపోతే ఫోటో పంపమంటారు. కావలసిన వస్తువు పేరు నమోదు చేసి పెడితే, అది వారి దగ్గరికి వచ్చినప్పుడు కబురు చేస్తారు. మా నమూనాలో ఐదు కప్పులు, ఒక మూత అని నమోదు చేసి వచ్చాను.

ఫిబ్రవరి 19

మొదటి పార్సెల్ వచ్చింది, మొదటి దెబ్బ తగిలింది. తప్పు నాదే.

ఒక వ్యక్తి రెండు పెద్ద పళ్ళేలు అమ్మకానికి పెట్టి, ముందు వైపు ఫోటో ఒక్కటే ఉంచారు. పూల తీగ అచ్చం మాదే. పదిన్నర అంగుళాలు అని రాశారు, అదీ సరిపోయింది. వెనక వైపు ఫోటో పంపమని అడగాలని అనుకుంటూనే, ఈలోగా మరొకరు తన్నుకుపోతారేమోనన్న భయంతో కొనేశాను.

పెట్టె తెరిచి, కాగితం విప్పి, మా పళ్ళేల దొంతర మీద కొత్తదాన్ని పెట్టాను. పెట్టీ పెట్టగానే తెలిసిపోయింది. మా పళ్ళేలు ఒకదానిలో ఒకటి ఒదిగి, అంచుకూ అంచుకూ మధ్య సన్నటి గీత మాత్రమే కనిపిస్తుంది. కొత్తది మాత్రం చిటికెన వేలు దూరేంత ఎత్తులో నిలబడి, వేలితో తాకితే అటూ ఇటూ ఊగింది. దాని అడుగు వలయం మా దానికంటే వెడల్పు. అందువల్ల కింది పళ్ళెం అడుగుదాకా దిగకుండా వంపు మీదే ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే అంకె వేరు, పైగా ఐవరీ చైనా అనే మాట ఉంది. మా పళ్ళేల తెలుపులో చల్లని నీలి ఛాయ ఉంటుంది. ఇది మీగడ రంగు. పూల బొమ్మ గీసిన చెయ్యి ఒకటే అయి ఉండవచ్చు గానీ, ఆ బొమ్మ ఎక్కిన మట్టి వేరు, అచ్చు వేరు.

ఫోటోలో ఈ తేడా ఎందుకు కనిపించలేదా అని వాటిని పక్కపక్కన పెట్టి నేనూ ఫోటో తీశాను. సాయంత్రం దీపం వెలుతురులో రెండూ ఒకే రంగులో వచ్చాయి. పగటి వెలుతురులో, కింద తెల్ల కాగితం పరిచి తీస్తే రెండు పళ్ళేలూ రెండు ఊళ్ళవని పసిపిల్లలు కూడా చెప్పగలరు.

ఈ రోజు నుంచి నియమం మార్చాను. ముందు వైపు ఫోటోను చివర చూస్తాను. మొదట వెనక ముద్ర, రెండోది స్కేలు పక్కన పెట్టి తీసిన అడుగు వలయం, మూడోది తెల్ల కాగితం మీద పగటి వెలుతురులో తీసిన అంచు. ఈ మూడూ పంపనివారి దగ్గర కొనను. పూలు చూసి కొనడం ముఖం చూసి బూట్లు కొనడం లాంటిది.

మార్చి 11

ఈసారి అంకె కలిసింది, అడుగు వలయం కలిసింది, తెలుపు కలిసింది. నాలుగు పళ్ళేలు, ఒకే ఇంటి నుంచి. ఇక ఈ అధ్యాయం ముగిసిందనుకుని పెట్టె ఎత్తితే లోపల గలగల వినిపించింది.

అమ్మినవారు నాలుగు పళ్ళేలనూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మధ్యలో ఒక్కొక్క వార్తాపత్రిక కాగితం పెట్టి, పైన మాత్రం పెద్ద దిండంత స్పాంజి ఉంచారు. అడుగున ఏమీ లేదు. కింది రెండు పళ్ళేలు మూడేసి ముక్కలయ్యాయి, పై రెండూ బతికాయి. అడిగితే, మర్యాదగానే, ఆ రెండింటి డబ్బు వెనక్కి ఇచ్చారు. డబ్బు తిరిగి వచ్చింది గానీ, లోకంలో ఉన్న కొద్ది పళ్ళేలలో రెండు తగ్గిపోయాయి, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

ముక్కలను పారేయలేదు. విరిగిన అంచును భూతద్దంలో చూస్తే లోపలి మట్టి, పైన గాజులా మెరిసే పూత ఒక్క ముద్దలా కలిసిపోయి కనిపిస్తాయి. మచ్చలు తీసే పద్ధతులను మంచి పళ్ళేల మీద ప్రయోగించే ముందు ఈ ముక్కల మీద ప్రయత్నించవచ్చు.

మార్చి 13

అమ్మేవారికి ముందుగానే పంపడానికి ప్యాకింగ్ సూచన ఒకటి రాసుకున్నాను. పళ్ళేలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టాలి; నిలబెట్టిన పళ్ళెం కుదుపును పడుకున్నదాని కంటే బాగా తట్టుకుంటుంది. ఒక్కొక్కదాన్ని బుడగల ప్లాస్టిక్‌లో విడిగా చుట్టాలి. కప్పు లోపల మెత్తని కాగితం కూరాలి, కప్పులో కప్పు దూర్చకూడదు, పిడికి విడిగా చుట్ట చుట్టాలి. ఇవన్నీ సర్దిన చిన్న పెట్టెను మరో పెద్ద పెట్టెలో, చుట్టూ నాలుగు వైపులా, పైనా కిందా రెండు అంగుళాల మెత్త ఉండేలా పెట్టాలి. ఈ సూచన పంపితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నవారు ఎలా కడతారో చూశాను కనుక నాకు పశ్చాత్తాపం లేదు.

ఏప్రిల్ 4

మూడో పెద్ద పళ్ళెం, చిన్న పళ్ళెం ఒకే చోట దొరికి క్షేమంగా చేరాయి. రెండింటినీ వచ్చిన వెంటనే పరీక్షించాను. మోత బాగుంది. తరవాత చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూశాను. మామూలు వెలుతురులో కనిపించని మరమ్మతు ఈ టార్చి కింద బయటపడుతుంది. అతికించిన జిగురు, పైన వేసిన రంగు అసలు పింగాణీ కంటే వేరుగా మెరుస్తాయి. చిన్న పళ్ళెం అంచున బియ్యపు గింజంత చోట తెల్లటి మెరుపు కనిపించింది. గోటితో గీరితే అది కాస్త మెత్తగా తగిలింది. పెచ్చు ఊడిన చోటును ఎవరో నింపి, రంగు వేసి, బంగారు గీత కూడా గీశారు. అమ్మినవారికి ఈ సంగతి తెలియదని నా నమ్మకం, వారికి కూడా అది అలాగే వచ్చి ఉంటుంది. చిన్న పళ్ళెం కనుక ఉంచేశాను. దాని వివరం పట్టికలో రాసి, దొంతరలో అడుగున పెట్టాను.

మే 17

కప్పులు. అనుకున్నంతా అయ్యింది. నాలుగు నెలల్లో మా నమూనా సాసర్లు అమ్మకానికి వచ్చిన సందర్భాలు పదహారు రాసుకున్నాను. విడి కప్పులు ఒక్కసారీ రాలేదు. కప్పూ సాసరూ కలిపి జతగా మాత్రం మూడు చోట్ల కనిపించాయి. అవసరం లేని సాసర్లు ఎందుకని మొదట రెండు జతలు వదులుకున్నాను. ఇప్పుడు వివేకం వచ్చింది, కప్పు కోసం సాసరును కూడా భరించాలి. రెండు జతలు కొన్నాను.

వచ్చిన కప్పులలో ఒకటి అన్ని కొలతలూ కలిసింది. రెండోదాని పిడి వంపు వేరు. మాది పైన చిన్న మెలిక తిరిగి వేలు ఆనడానికి చోటిస్తుంది. దీని పిడి సాదా చెవిలా ఉంది. ముద్ర అదే, అంకె అదే. ఒకే నమూనాను ఏళ్ళ తరబడి తయారుచేసినప్పుడు మధ్యలో కప్పు అచ్చు మార్చి ఉంటారు. ఒకే అంకె కింద రెండు రకాల కప్పులు ఉండవచ్చని ఇప్పటిదాకా నాకు తట్టలేదు, నా మూడు ఫోటోల నియమంలో పిడికి చోటే లేదు. ఈ రోజు నాలుగో ఫోటో చేర్చాను. ఆ కప్పును తిప్పి పంపలేదు. దాని పాదం 44 మిల్లీమీటర్లే, మా సాసరు గుంటలో చక్కగా కూర్చుంది. పిడిని ఎవరూ గమనించరని కాదు, గమనించినా ఫరవాలేదని.

జూన్ 22

చక్కెర గిన్నె మూత కథ అన్నిటికన్నా చిత్రమైనది. మూత ఒక్కటే అమ్మకానికి ఉందని కబురు వచ్చినప్పుడు కాలు ఒకచోట నిలవలేదు. వచ్చాక గిన్నె మీద పెడితే లోపలికి దిగలేదు. అంచు మీద ఎక్కి కూర్చుని, పొయ్యి మీద ఆవిరికి లేచే మూతలా టకటకలాడింది. కాలిపర్సుతో కొలిస్తే మూత లోపలి వలయం 78.5 మిల్లీమీటర్లు, గిన్నె మూతి లోపలి వ్యాసం 78. అర మిల్లీమీటరు!

మూతను దాని గిన్నె మీదే పెట్టి కాల్చే అలవాటు ఎందుకుందో దీనితో అర్థమైంది. రెండూ ఒకే బట్టీలో, ఒకే వేడిలో, కలిసి కుంచించుకుంటాయి. వేరే గిన్నెకు పుట్టిన మూత మన గిన్నెకు సరిపోవాలంటే అదృష్టం ఉండాలి. వజ్రపు పొడి అంటిన ఆకురాయితో మూత వలయాన్ని అర మిల్లీమీటరు అరగదీయవచ్చునని ఒకరు సలహా ఇచ్చారు. పగిలిన పళ్ళెం ముక్క మీద ప్రయత్నించాను. తీసింది గానీ మెరుపు పూత పోయి గరుకైన తెల్లటి చార మిగిలింది, అక్కడ మరక పట్టడం ఖాయం. మానుకున్నాను. బదులుగా, మూతతో పాటు వచ్చిన మరో చక్కెర గిన్నె ఎక్కడైనా ఉంటే రెండూ కలిపే కొనాలని నిర్ణయించుకుని, ఈ మూతను పట్టికలో 'చేతిలో ఉంది, పనికిరాదు' అని రాశాను.

జూలై 8

నాలుగో పెద్ద పళ్ళెం దొరికింది, అది మరో రకం చిక్కు తెచ్చింది. పెట్టెలోంచి ఎవరూ ఎన్నడూ తీయని పళ్ళెం అది. బంగారు అంచు అద్దంలా మెరుస్తోంది. మా పళ్ళేల అంచు ఏళ్ళ తరబడి కడుగుడుకు అరిగి, కొన్నిచోట్ల గీత గుర్తుగా మాత్రమే మిగిలింది. ఎనిమిది పాతవాటి మధ్య ఈ ఒక్కటి పెళ్ళివారింట్లో కొత్త చొక్కా వేసుకున్నవాడిలా నిలబడింది. నిజానికి కొంత వాడిన పళ్ళెం అయితేనే మాకు బాగా జత కుదిరేది. దీన్నే రోజూ వాడి అరగదీయాలా అని కూడా ఆలోచించాను, కానీ చేతులు రాలేదు.

అందుకు బదులు మా పాతవాటిని శుభ్రం చేశాను. కత్తి గాట్లుగా కనిపించే బూడిద రంగు గీతలలో చాలాభాగం గాట్లు కావు. స్టీలు కత్తి పూత మీద వదిలిపోయిన లోహపు చార. వంటసోడాను నీళ్ళతో పలుచని ముద్దలా చేసి, మెత్తని గుడ్డతో నడిమధ్యన మాత్రమే తిప్పి రుద్దితే, మొదట ముక్క మీద, తరవాత పళ్ళెం మీద, గీతలు పోయాయి. బంగారు అంచు దగ్గరికి ముద్ద చేరకుండా జాగ్రత్తపడ్డాను. ఈ బంగారం, పూల బొమ్మలు మెరుపు పూత మీద వేసి సుమారు 800 డిగ్రీల దగ్గర కాల్చినవి. పూత అంత గట్టిగా ఉండవు. డిష్‌వాషర్‌కు గానీ మైక్రోవేవ్‌కు గానీ ఈ సెట్టు పోకూడదని అల్మారా తలుపు లోపల కాగితం అంటించాను.

జూలై 30

మిగిలినవి మూడు కప్పులు, ఒక మూత. కొత్తగా చేయించుకుంటే సరిపోదా అని మిత్రులు అడుగుతున్నారు. ఆ దారి కూడా చూశాను. పూల బొమ్మను స్కాన్ చేసి, పింగాణీకి అంటించే బొమ్మ కాగితంగా (డెకాల్) ముద్రించి, తెల్లటి కప్పు మీద అంటించి కాల్చేవారు ఉన్నారు. కానీ మా అచ్చుకు కలిసే తెల్ల కప్పు కావాలి కదా. అదే కంపెనీ అదే అచ్చులో పూలు లేకుండా బంగారు గీతతో మాత్రమే చేసిన కప్పులు అప్పుడప్పుడు వస్తున్నాయి. వాటి మీద వేయించుదామంటే, బట్టీ నడిపే అనుభవజ్ఞులు హెచ్చరించారు: ఏళ్ళ తరబడి వాడిన పాత సామానులోకి కంటికి కనిపించని చెమ్మ, జిడ్డు దిగి ఉంటాయి, మళ్ళీ కాల్చితే అవి నల్లటి చుక్కలుగానో బుడగలుగానో పైకి తేలవచ్చు. అంతకంటే, పూలు లేని కప్పును పూలు లేకుండానే వాడుకోవడం సబబు. ఒకే అచ్చు, ఒకే తెలుపు, ఒకే పిడి. అలాంటి కప్పు ఒకటి కొని బల్ల మీద మా కప్పుల మధ్య పెట్టాను. దూరం నుంచి చూసినవారు కనిపెట్టలేదు. దీన్ని పూల కప్పు దొరికేదాకా నిలబెట్టిన ప్రత్యామ్నాయంగా రాసుకున్నాను.

ఆగస్టు 15

ఇన్ని చోట్ల నుంచి వచ్చిన పాత సామానులో తినడం క్షేమమేనా అన్న ప్రశ్నను ఇంతకాలం వాయిదా వేశాను. పాత పింగాణీ రంగులలో, పూతలో సీసం, కాడ్మియం ఉండవచ్చు. ముఖ్యంగా పులుపు తగిలినప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్కలో చదునైన పళ్ళేల నుంచి ఊరే సీసం మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాములు దాటితే చర్య తీసుకుంటారు. కప్పులకు ఆ హద్దు 0.5 మాత్రమే. వస్తువులో సీసం ఉందా లేదా అన్నదాని కంటే, ఎంత ఊరుతోందన్నది ముఖ్యం. సీసం ఉందేమోనని ఇంట్లో రుద్ది చూసే పరీక్ష పుల్లలు ఆ సంగతి చెప్పలేవు. పగిలిన పళ్ళెం ముక్కలను పింగాణీ పరీక్షించే ప్రయోగశాలకు పంపుదామనుకుంటే పూర్తి పళ్ళెం కావాలన్నారు. బీట వారిన తొమ్మిదో పళ్ళేన్ని పంపాను. అది ఇలా పనికొచ్చింది. వచ్చిన సంఖ్య హద్దుకు చాలా దిగువన ఉంది. మా పళ్ళేలలో పూలు అంచు మీదే ఉండి, నడిమధ్య ఖాళీగా ఉండటం కూడా అందుకు ఒక కారణం కావచ్చు. అయినా పులుపు పదార్థాలను వీటిలో నిలవ ఉంచకూడదని అల్మారా కాగితంలో మరొక పంక్తి చేర్చాను.

సెప్టెంబరు 27

మూత ఉన్న చక్కెర గిన్నె దొరికింది. మూత తన గిన్నె మీద మెత్తగా దిగి, తిప్పితే తిరిగి, ఎత్తితే లేస్తోంది. సరదాకి మా పాత గిన్నె మీద కూడా పెట్టి చూశాను. దాని మీదా దిగింది, కానీ అర మిల్లీమీటరు వదులుగా, పక్కకు వంచితే జారిపోయేలా. కనుక కొత్త గిన్నెనే సెట్టులో పెట్టి, పాతదాన్ని మేనత్తకు తిరిగి ఇచ్చాను. ఆమె దానిలో గుండీలు వేసుకుంది.

ఈ రోజు పట్టిక: పెద్ద పళ్ళేలు పన్నెండు, అందులో ఒకటి మెరుపు ఎక్కువ. చిన్న పళ్ళేలు పన్నెండు, అందులో ఒకటి మరమ్మతుది. కప్పులు పది, అందులో ఒకటి పిడి వేరు, ఒకటి పూలు లేనిది. సాసర్లు పద్నాలుగు. పూల కప్పుల కోసం పెట్టిన అలర్టును మూడుకు మార్చి అలాగే ఉంచాను. వచ్చే వారం ఒక జత ఫోటోలు పంపుతామని ఒకరు రాశారు. ముద్ర, పాదం, పిడి, తెల్ల కాగితం మీద అంచు, నాలుగూ అడిగాను.